కాటా ప్రోగ్రాం డైరీ: అడిగాకే పని, అదీ వెనకాల

శనివారం, చిత్తూరు

చిత్తూరు బయట ఉన్న ఒక వేబ్రిడ్జి కోసం రాసిన ప్రోగ్రాం ఇది. పైథాన్ భాష, విండోలకి టికింటర్, డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్, అంతే. సర్వర్ లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. బండి కాటా ఎక్కగానే ఇండికేటర్ నుంచి సీరియల్ కేబుల్ మీదుగా తూకం వస్తుంది. గుమాస్తా బండి నంబరు, రైతు పేరు, ఊరు కొడతాడు. పైనున్న కెమెరా ఒక ఫోటో తీస్తుంది. నిండు బండి తూకంలోంచి ఖాళీ బండి తూకం పోగా మిగిలింది నికరం. చీటీ ప్రింటవుతుంది. ఇంతవరకూ ఏ పేచీ లేదు.

పేచీ అంతా పాత లెక్కలు తీసేటప్పుడే. మామిడి సీజన్‌లో తోతాపురి బళ్ళు పల్ప్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరినప్పుడు ఈ కాటాకు తీరికే ఉండదు. 2025లో తోతాపురికి ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ఆ పైన ప్రభుత్వం 4 రూపాయలు ఇచ్చేట్టు ప్రకటించాక, పాత చీటీల నకళ్ళ కోసం వచ్చే రైతులు ఎక్కువయ్యారు. ఫలానా తేదీన తోలిన కాయ ఎంత, ఫోటో ఉందా, సీజన్ మొత్తానికి ఎన్ని టన్నులు? గుమాస్తా ‘సీజన్ లెక్క’ బటన్ నొక్కుతాడు. విండో తెల్లగా మారిపోతుంది. పైన ‘నాట్ రెస్పాండింగ్’ అని పడుతుంది.

అంతవరకైతే ఓర్చుకోవచ్చు. కానీ తూకం అంకెలు కూడా ఆ విండోలోనే ఉంటాయి. కాటా ఓనరు మామ నన్ను కూర్చోబెట్టి మరీ చూపించాడు.

"చూడు నైనా, ట్రాక్టరు దిగి రోడ్డెక్కేసింది. ఈడ ఇంకా పాత తూకమే చూపిస్తా ఉండాదే. ఈ అంకె చూసి ఎవడన్నా చీటీ కొట్టేస్తే ఏం చేస్తావు?"

ఇండికేటర్‌కు సొంత డిస్‌ప్లే ఉంది కాబట్టి ఇన్నాళ్ళూ గుమాస్తా దాన్ని చూసి సరిపెట్టుకుంటున్నాడు. అయినా మామ మాటే రైటు. స్క్రీన్ మీద తూకం పాతబడితే దాన్ని ‘కాస్త స్లో’ అని తోసిపుచ్చడానికి లేదు.

చేయాల్సినవి రెండు. నిదానమైన పనిని తూకం దారికి అడ్డం లేకుండా వెనకాల నడపాలి. అసలు ఎవరూ అడగని పనిని మొదలే పెట్టకూడదు. రెండోదాన్నే లేజీ ఎవాల్యుయేషన్ అంటారు. విడివిడిగా రెండూ నేను వాడినవే. ఒకేచోట కలిపితే ఒకదాని కాళ్ళకు ఒకటి అడ్డం పడతాయని మాత్రం విన్నాను.

ఆదివారం, తిరుపతి

డేటాబేస్ నకలూ, ఫోటోల ఫోల్డరూ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో తెచ్చుకున్నా. నా ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ ఉంది, కాటా దగ్గరున్నది పాత హార్డ్‌డిస్కు. ల్యాప్‌టాప్‌లో కొలిస్తే ఏ జబ్బూ బయటపడదు. అందుకని అటక మీది పాత డెస్క్‌టాప్ దించి దుమ్ము దులిపా. ఇంట్లోవాళ్ళు చూసిన చూపుల గురించి ఇక్కడ రాయను.

కొలవడానికి పెద్ద పనిముట్లేమీ వాడలేదు. టైమ్ మాడ్యూల్‌లో పెర్ఫ్ కౌంటర్ అనే గడియారం ఉంటుంది. అనుమానం ఉన్న ప్రతి పనికీ ముందొకటి, వెనకొకటి పెట్టి తేడా ప్రింటు చేశా. సమయం మూడు చోట్ల పోతోంది. చీటీలన్నీ ‘ఫెచ్ ఆల్’తో ఒక్కసారే మెమరీలోకి లాగడం ఒకటి. రైతు వారీగా మొత్తాలు కట్టడం ఇంకొకటి. వరసకొక ఫోటో తెరిచి బొటనవేలంత బొమ్మగా కుదించడం మూడోది, సింహభాగం దీనిదే.

తమాషా ఏమిటంటే స్క్రీన్ మీద ఒకేసారి కనిపించేవి ఇరవై చిల్లర వరసలు. గుమాస్తా సాధారణంగా పైన నాలుగు వరసలు చూసి, కావాల్సింది దొరికితే విండో మూసేస్తాడు. ఆ నాలుగు వరసల కోసం సీజన్ సీజనంతా డిస్క్ మీంచి ఎత్తుకొస్తున్నాం.

ఇక్కడ కొంచెం చరిత్ర. విలువను అవసరమైనప్పుడే లెక్కకట్టి, ఒకసారి కట్టాక దాన్ని దాచుకోవడం అన్న ఆలోచనను క్రిస్టఫర్ వాడ్స్‌వర్త్ 1971లో తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో రాశాడు. 1976లో రెండు పేపర్లు వచ్చాయి, ఒకటి పీటర్ హెండర్సన్, జేమ్స్ మోరిస్‌లది, ఇంకొకటి డేనియల్ ఫ్రీడ్‌మన్, డేవిడ్ వైజ్‌లది. ఆ మరుసటి ఏడే, 1977లో, హెన్రీ బేకర్, కార్ల్ హ్యూయిట్ ‘ఫ్యూచర్’ గురించి రాశారు: విలువ ఇంకా సిద్ధం కాలేదు, అయినా దాని స్థానంలో ఒక వస్తువును ఇప్పుడే చేతికిస్తాం, లెక్క పక్కన సాగుతుంటుంది. అడిగేదాకా మొదలుపెట్టకపోవడం లేజీ గుణం, అడక్కముందే పక్కన మొదలుపెట్టేయడం ఫ్యూచర్ గుణం. పనిని ఎప్పుడు చేయాలన్నది మొదటిది తేలుస్తుంది, ఎవరు చేయాలన్నది రెండోది. నాకు కావాల్సింది ఆ రెండిటి మధ్యది: అడిగాకే మొదలవ్వాలి, కానీ అడిగినవాడు చేతులు కట్టుకుని నిలబడకూడదు.

సోమవారం రాత్రి

థ్రెడ్‌ల (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పని దారుల) జోలికి ఇంకా పోలేదు. అక్కర్లేని పనిని వెనకాలకి నెట్టినా అది అక్కర్లేని పనే. డిస్కు ఒక్కటే కదా, అక్కడ అది అడ్డం పడుతూనే ఉంటుంది. ముందు పనిని తగ్గించాలి.

‘ఫెచ్ ఆల్’ తీసేసి కర్సర్‌నే (క్వెరీ ఫలితాన్ని వరసలుగా అందించే వస్తువునే) ఫర్ లూప్‌లో తిప్పా. ఎస్‌క్యూలైట్ పుట్టుకతోనే లేజీ, అడిగిన కొద్దీ ఒక్కో వరస ఇస్తుంది. పైథాన్‌లో జనరేటర్లు 2001లో 2.2 వెర్షన్‌తో వచ్చాయి. వాటిదీ అదే పద్ధతి, ‘ఈల్డ్’ దగ్గర ఆగి మళ్ళీ పిలిచేదాకా కదలవు. ఈ రెండూ కలిస్తే మొదటి వరస వెంటనే రావాలి.

రాలేదు. మొదటి వరసకే చాలాసేపు పట్టింది, ఆ తర్వాతవి మాత్రం గబగబా వచ్చాయి. ఎలా వెతుకుతున్నావని ‘ఎక్స్‌ప్లెయిన్ క్వెరీ ప్లాన్’తో అడిగితే గుట్టు ఒక్క లైన్లో చెప్పేసింది: ‘యూజ్ టెంప్ బీ-ట్రీ ఫర్ ఆర్డర్ బై’, అంటే వరసలన్నీ తనే పక్కన పేర్చుకుంటోంది. తేదీ ప్రకారం కొత్తవి ముందు కావాలని అడుగుతున్నా, తేదీ మీద ఇండెక్స్ (ముందే పేర్చి ఉంచిన సూచిక) లేదు. పేర్చాలంటే ఆఖరి వరసదాకా చూడందే మొదటిది ఏదో దానికైనా ఎలా తెలుస్తుంది? మన కోడ్ ఎంత లేజీగా ఉన్నా లోపల ఎవరో ఒకరు మొత్తం చదవాల్సిందే. తేదీ, చీటీ నంబరు కలిపి ఒక ఇండెక్స్ కట్టాక ఆ లైను ప్లాన్‌లోంచి మాయమైంది. మొదటి వరస రెప్పపాటులో వచ్చింది.

లేజీ అని రాసుకున్న ప్రతి గొలుసులోనూ ఇలాంటి కొక్కెం ఒకటి ఉంటుందని అనుమానించాలి. ‘సార్టెడ్’, ‘మ్యాక్స్’, ‘లెన్ ఆఫ్ లిస్ట్’ లాంటివి మధ్యలో ఒక్కటి తగిలినా వెనకున్న సోమరితనమంతా అక్కడితో సరి.

బుధవారం

చిన్నాన్న కొడుకు ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు, తిరుపతిలోనే. సాయంత్రం వచ్చి స్క్రీన్ చూస్తూ అడిగాడు. "అన్నా, ఈ జనరేటర్నే ఎత్తి థ్రెడ్ పూల్‌కి ఇచ్చేస్తే పోలా? లేజీ, బ్యాక్‌గ్రౌండ్ రెండూ ఒక్క దెబ్బకి అయిపోతాయి గదా."

ఎవరికైనా మొదట తోచేది ఇదే, పూల్ అంటే పని ఇస్తే వెనకాల చేసిపెట్టే థ్రెడ్‌ల గుంపు కదా. చెప్పి ఒప్పించేకన్నా చూపించడం మేలని, ప్రతి మెట్టు దగ్గరా ఆ క్షణాన నడుస్తున్న థ్రెడ్ పేరు ప్రింటు చేయించా. విండోని నడిపేది మెయిన్ థ్రెడ్. జనరేటర్ ఫంక్షన్‌ని ‘సబ్మిట్’తో పూల్‌కి ఇచ్చాం. స్క్రీన్ మీద పడిన వరుస ఇది:

సబ్మిట్ చేశాం: మెయిన్ థ్రెడ్
రిజల్ట్ చేతికొచ్చింది: మెయిన్ థ్రెడ్
డేటాబేస్ తెరుస్తున్నాం: మెయిన్ థ్రెడ్
మొదటి చీటీ చదివాం: మెయిన్ థ్రెడ్

పూల్ థ్రెడ్ పేరు ఒక్కచోట కూడా లేదు. వాడు రెండుసార్లు నడిపి చూశాడు.

జరిగిందిదీ. ‘ఈల్డ్’ ఉన్న ఫంక్షన్‌ని పిలిస్తే దాని ఒంట్లోని ఒక్క లైను కూడా నడవదు, ఒక జనరేటర్ వస్తువు తయారై చేతికొస్తుంది, అంతే. వెనకాల థ్రెడ్ నిజాయితీగానే పిలిచింది, ఆ వస్తువు వచ్చింది, ‘పనైపోయింది’ అని తిరిగిచ్చేసింది. మైక్రోసెకన్ల యవ్వారం. ముందున్న మెయిన్ థ్రెడ్ దాన్ని అందుకుని లూప్ తిప్పడం మొదలుపెట్టాక అసలు పని మొదలైంది, అదీ మెయిన్ థ్రెడ్ నెత్తిమీదే. వెనక్కి పంపిన మూట విప్పకుండానే ముందుకు తిరిగొచ్చింది.

మావాడికి ఇంకో సందేహం. ఎస్‌క్యూలైట్ కనెక్షన్‌ని ఒక థ్రెడ్‌లో తెరిచి ఇంకో థ్రెడ్‌లో వాడితే పైథాన్ ‘ప్రోగ్రామింగ్ ఎర్రర్’ అని అరవాలి కదా, అరవలేదేం? అరవడానికి అక్కడ తప్పేమీ జరగలేదు. కనెక్షన్ తెరిచే లైను కూడా జనరేటర్ లోపలే ఉంది. అది కూడా మెయిన్ థ్రెడ్‌లోనే తెరుచుకుంది. అంతా ఒకే థ్రెడ్, అంతా సవ్యం, విండో మాత్రం తెల్లగా.

ఇదే పనిని ప్రాసెస్ పూల్‌కి ఇచ్చి చూశాం. అక్కడ మొహమాటం లేదు, ‘కెనాట్ పికిల్ జనరేటర్ ఆబ్జెక్ట్’ అని అక్కడికక్కడే ఎర్రర్ పడింది. ప్రాసెస్‌ల మధ్య ఏది దాటాలన్నా దాన్ని బైట్లుగా మార్చాలి, సగంలో ఆగిన ఫంక్షన్ అందుకు కుదరదు. థ్రెడ్‌లది ఒకే మెమరీ, అందుకే అక్కడ ఏదైనా దాటిపోతుంది. నన్నడిగితే ప్రాసెస్ పూల్ తీరే మంచిది. నోరుమూసుకుని తప్పు పని చేసే పనిముట్టు కన్నా ముఖమ్మీద ఎర్రర్ కొట్టేదే నయం.

ఇది పైథాన్‌కే ఉన్న తిప్పలు కావు. హాస్కెల్‌లో భాష మొత్తం లేజీయే. అక్కడ ఒక థ్రెడ్‌లో లెక్క మొదలుపెట్టి ఫలితాన్ని ఎమ్‌వార్‌లో (థ్రెడ్‌లు విలువలు అందించుకునే డబ్బాలో) పెడితే, పెట్టింది లెక్క కట్టని ముడి ముక్క కావచ్చు. దాన్ని తీసుకుని చూసిన థ్రెడ్డే లెక్కంతా కట్టాల్సొస్తుంది. అందుకే వాళ్ళకి ‘ఎవాల్యుయేట్’ ఉంది. అది కూడా పైపొర వరకే విప్పుతుంది, జాబితా అయితే మొదటి గడి దగ్గర ఆగిపోతుంది. అడుగుదాకా విప్పాలంటే ‘డీప్‌సెక్’ లైబ్రరీలోని ‘ఫోర్స్’ వాడాలి. ముప్ఫై ఏళ్ళు దాటిన భాషలో ఇంత ఏర్పాటు ఉందంటే, ఈ గుంతలో చాలామందే పడి ఉంటారు.

కాబట్టి నా కోడ్‌కి ఒక కట్టుబాటు పెట్టుకున్నా. వెనకాల థ్రెడ్ నుంచి ముందుకు దాటేది ఏదైనా పూర్తిగా ఉడికినదై ఉండాలి. లిస్టు, టపుల్, అంకె, స్ట్రింగు. జనరేటర్, కర్సర్, మ్యాప్, ఫిల్టర్ వస్తువులు దాటకూడదు. మావాడు దీన్ని, వెనకాల థ్రెడ్ ఫలితాలు వేసే క్యూ పైన ఒక కామెంటుగా రాసిపెట్టాడు, రాసే తీరు కాస్త ఘాటుగా ఉంది కానీ ఉంచేశా.

గురువారం

మరైతే లేజీతనం ఎక్కడ ఉండాలి? దఫాకీ దఫాకీ మధ్య. వెనకాల థ్రెడ్ 50 చీటీలు తీసి లిస్టు కట్టి క్యూలో వేస్తుంది, ఆగిపోతుంది. గుమాస్తా స్క్రోల్ చేసి అడుగుకు వస్తుంటే మెయిన్ థ్రెడ్ ఇంకో దఫా అడుగుతుంది. దఫా లోపల సోమరితనం లేదు, దఫాల మధ్య ఉంది.

మొదట దీన్ని జనరేటర్ని బతికించి ఉంచే పద్ధతిలో కట్టా: డేటాబేస్‌కి ఒకే ఒక్క థ్రెడ్ ఉన్న పూల్, జనరేటర్ ఎప్పుడూ ఆ థ్రెడ్‌లోనే నడుస్తుంది, ‘ఐస్లైస్’తో ఏబయ్యేసి తీయడం. ఒకే థ్రెడ్ కావడంవల్ల కనెక్షన్ గొడవ లేదు. రెండు థ్రెడ్‌లు ఒకే జనరేటర్ని ఒకేసారి కదిపితే వచ్చే ‘జనరేటర్ ఆల్రెడీ ఎగ్జిక్యూటింగ్’ ఎర్రర్ కూడా రాదు. పని బాగానే చేసింది.

కానీ రోజంతా తెరిచి ఉంచి, పక్కన కొత్త చీటీలు పడేట్టు నడిపితే డేటాబేస్ పక్కనున్న వాల్ ఫైలు పెరుగుతూ పోయింది. ఈ డేటాబేస్ వాల్ పద్ధతిలో ఉంది, ఎస్‌క్యూలైట్‌లో 2010 నుంచి ఉన్నదే. రాతలు ముందు ఆ పక్క ఫైల్లోకి పోతాయి, తర్వాత చెక్‌పాయింట్ వాటిని అసలు ఫైల్లో కలుపుతుంది. సగం చదివి ఆపేసిన కర్సర్ అంటే ముగియని రీడ్ లావాదేవీ. అది ఎప్పటి దృశ్యాన్ని పట్టుకుని ఉందో ఆ దృశ్యం చెదరకుండా చూడటం ఎస్‌క్యూలైట్ బాధ్యత, కాబట్టి చెక్‌పాయింట్ ఆ గీత దాటి పోలేదు, ఫైలు మళ్ళీ మొదటి నుంచి వాడుకోనూలేదు. గుమాస్తా ‘సీజన్ లెక్క’ తెరిచి భోజనానికి వెళ్ళాడంటే అంతసేపూ ఇదే.

అందుకని సగంలో ఆగిన కర్సర్ ఆలోచన వదిలేశా. ప్రతి దఫాకీ కొత్త క్వెరీ: ‘ఇంతకుముందు ఆఖరుగా చూపిన చీటీ ఫలానా తేదీ, ఫలానా నంబరు, దాని కిందివి 50 ఇవ్వు.’ సోమవారం కట్టిన ఇండెక్స్ ఉండగా ఎస్‌క్యూలైట్ నేరుగా ఆ చోటికే దూకుతుంది. ‘ఆఫ్‌సెట్’ వాడలేదు, కారణం ఉంది. ఆఫ్‌సెట్ ఇస్తే వదిలేయాల్సిన వరసలన్నీ కూడా అది నడుచుకుంటూ దాటాలి, కిందికి పోయేకొద్దీ బరువెక్కుతుంది. ఇప్పుడు లేజీతనమంతా ఆ తేదీ, నంబరు జంటలో ఉంది. క్వెరీ ముగియగానే కర్సర్ మూత, వాల్ ఫైలు బుద్ధిగా ఉంది.

ముందు వైపు సంగతి రెండు ముక్కల్లో. టికింటర్ విడ్జెట్లని మెయిన్ థ్రెడ్ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. పూల్‌కి పని ఇస్తే చేతికొచ్చేది ఫ్యూచర్. దానికి ‘యాడ్ డన్ కాల్‌బ్యాక్’తో పనయ్యాక పిలవాల్సిన ఫంక్షన్ తగిలిస్తే ఆ కాల్‌బ్యాక్ మామూలుగా వెనకాల థ్రెడ్‌లోనే నడుస్తుంది, కాబట్టి అందులోంచి ట్రీవ్యూ (స్క్రీన్ మీది చీటీల పట్టిక) మీద చేయి వేయకూడదు. కాల్‌బ్యాక్ క్యూలో వేస్తుంది, మెయిన్ థ్రెడ్ ‘ఆఫ్టర్’తో 50 మిల్లీసెకన్లకోసారి క్యూ చూసుకుంటుంది.

శుక్రవారం: ఫోటోలు

ఎక్కువ సమయం మింగేది ఇవే కాబట్టి ఎక్కువ శ్రద్ధ కూడా వీటికే.

బొమ్మల పని చేసే పిల్లో లైబ్రరీలో ‘ఇమేజ్ ఓపెన్’ కూడా లేజీయే. ఫైలు తెరిచి, తల భాగం చదివి, ఇది జేపెగ్, కొలతలివి అని చెప్పి ఊరుకుంటుంది. పిక్సెళ్ళు ఎవరైనా వాడబోతేనో, ‘లోడ్’ అని పిలిస్తేనో తప్ప డిస్క్ నుంచి రావు. బుధవారం నాటి కథే మళ్ళీ: వెనకాల థ్రెడ్‌లో ఓపెన్ మాత్రం చేసి బొమ్మను ముందుకు పంపితే, అసలు డీకోడింగ్ మెయిన్ థ్రెడ్‌లో పడుతుంది. జనరేటర్ అయితే పేరులోనైనా లేజీ అని తెలుస్తుంది, ఇది చూడటానికి మామూలు బొమ్మలాగే ఉంటుంది. క్యూ కట్టుబాటులో ఇంకో పదం చేర్చాం: ‘లోడ్ కాని బొమ్మ దాటకూడదు.’

వెనకాల థ్రెడ్‌లోనే ‘థంబ్‌నెయిల్’ పిలిస్తే రెండు లాభాలు. పిక్సెళ్ళు అక్కడే లోడవుతాయి. రెండోది నాకు చాలా నచ్చింది: జేపెగ్ ఫైళ్ళకి థంబ్‌నెయిల్ లోపల ‘డ్రాఫ్ట్’ అన్నదాన్ని పిలుస్తుంది, అది డీకోడర్‌కే ‘సగం సైజులో, పావు సైజులో, ఎనిమిదో వంతులో విప్పు చాలు’ అని చెబుతుంది. కెమెరా తీసిన పెద్ద బొమ్మని పూర్తిగా విప్పి, తర్వాత కుదించే వృథా శ్రమ లేదు. అడగని పిక్సెల్ జోలికి పోకపోవడం కూడా ఒకరకంగా సోమరితనమే.

కుదించిన బొమ్మని టికింటర్‌కి పనికొచ్చే ‘ఫోటోఇమేజ్’గా మార్చడం మాత్రం మెయిన్ థ్రెడ్ పని. చిన్న బొమ్మ కాబట్టి భారం కాదు. దాన్ని ఎక్కడో ఒక డిక్షనరీలో పట్టుకుని ఉండాలి, లేకపోతే గార్బేజ్ కలెక్టర్ ఎత్తుకుపోయి గడి ఖాళీగా కనిపిస్తుంది.

ఇక ఫోటోల పూల్‌కి ఎన్ని థ్రెడ్‌లు? ఏమీ చెప్పకపోతే థ్రెడ్ పూల్ కోర్ల సంఖ్యకు 4 కలిపినన్ని పెట్టుకుంటుంది, 32 దాటకుండా. తిరిగే హార్డ్‌డిస్కుకి అది ఎక్కువ. అరడజను ఫైళ్ళు ఒక్కసారే అడిగితే దాని తల అటూ ఇటూ పరిగెత్తడంతోనే సరిపోతుంది. రెండు పెట్టా. రెండు పెట్టడంవల్ల ఇంకో సుఖం ఉంది. గుమాస్తా వేగంగా కిందికి లాగితే దాటిపోయిన వరసల ఫోటోలు ఎవరికీ అక్కర్లేదు. ఫ్యూచర్‌కి ‘క్యాన్సిల్’ ఉంది, కానీ అది ఇంకా మొదలుకాని పనినే రద్దు చేయగలదు, నడుస్తున్నదాన్ని ఆపలేదు. ఒకేసారి నడిచేవి రెండే కాబట్టి మిగతావన్నీ వరుసలో నిలబడి ఉంటాయి, హాయిగా రద్దయిపోతాయి. స్క్రోల్ ఆగిన చోటి ఫోటోలు వెంటనే పడటం చూస్తుంటే ముచ్చటేసింది.

శనివారం, మళ్ళీ కాటా దగ్గర

రైతు వారీ మొత్తం మిగిలింది. రైతు పేరు మీద నొక్కితే ఆ సీజన్ నికరం, తరుగు పోగా మిగిలింది, చీటీల సంఖ్య రావాలి. అడిగితేనే కట్టాలి, వెనకాల కట్టాలి, మళ్ళీ అడిగితే కట్టినదే ఇవ్వాలి.

ఒకసారి కట్టిన విలువను దాచిపెట్టే ‘క్యాష్డ్ ప్రాపర్టీ’ అందుకు సరిపోయేట్టు కనిపిస్తుంది. పైథాన్ 3.8లో వచ్చినప్పుడు దాని లోపల చెప్పకుండా ఒక లాక్ (ఒక థ్రెడ్ వాడుతుంటే ఇంకోదాన్ని ఆపే తాళం) ఉండేది, 3.12లో తీసేశారు. ఆ లాక్ ఒక్కో వస్తువుకీ విడిగా లేక అన్నిటికీ ఒకటే కావడంతో ఒకరి లెక్క నడుస్తుంటే సంబంధం లేని ఇంకొకరు ఆగాల్సి వచ్చేది, తీసేయడం సబబే. కానీ ఇప్పుడు రెండు థ్రెడ్‌లు ఒకేసారి అడిగితే లెక్క రెండుసార్లు నడవొచ్చు.

నేను డిక్షనరీతో సరిపెట్టా. తాళంచెవి రైతు నంబరు, విలువ ఫ్యూచర్. రైతు నంబరు అందులో లేకపోతే సబ్మిట్ చేసి ఆ ఫ్యూచర్ని పెట్టు, ఉంటే ఉన్నదే ఇవ్వు. లెక్క పూర్తయిందా, నడుస్తోందా అన్న తేడాతో పనిలేదు, రెండిటికీ అదే ఫ్యూచర్. గుమాస్తా విసుగుతో అదే పేరు మీద టపటపా నాలుగుసార్లు నొక్కినా పని ఒక్కటే. ఈ డిక్షనరీని మెయిన్ థ్రెడ్ తప్ప ఎవరూ ముట్టరు కాబట్టి లాక్ కూడా అక్కర్లేదు. ఆరు లైన్లు.

హాస్కెల్ వాళ్ళకి లేని తలనొప్పి ఒకటి ఇక్కడుంది. అక్కడ విలువ ఒకసారి తేలితే మారదు. ఇక్కడ అదే రైతు ఇంకో ట్రాక్టరు తోలుకొస్తాడు. కొత్త చీటీ పడగానే ఆ రైతు ఫ్యూచర్ని డిక్షనరీలోంచి తీసేస్తున్నా. సరిగ్గా ఆ సమయానికి పాత లెక్క వెనకాల నడుస్తుంటే? అది తన దారిన పూర్తయి క్యూలోకి వస్తుంది. స్క్రీన్ మీద వేసే ముందు ‘డిక్షనరీలో ఉన్న ఫ్యూచర్ ఇదేనా’ అని చూస్తా, కాకపోతే పారేస్తా.

మామకి ఇదంతా ఎలా చెప్పాలో తెలియక "ఫ్యూచర్ అంటే జవాబు కాదు మామా, జవాబు వస్తుందన్న మాట" అన్నా. ఆయన నవ్వి, టేబుల్ మీది చీటీ ఎత్తి చూపించాడు. "ఇట్లాంటిదే గదా. చీటీ చేతికిచ్చినంత మాత్రాన రైతుకి దుడ్లు ఇచ్చినట్టా? ఫ్యాక్టరీ ఇయ్యల్ల గదా." ఆయనకి నా సాయం అక్కర్లేకపోయింది.

చీటీ పోలికలో ఇంకో సంగతి కూడా ఉంది. ఫ్యాక్టరీ దగ్గర డబ్బు ఆగిందని రైతు వెళ్ళి అడిగితేనే తెలుస్తుంది. ఫ్యూచర్ కూడా అంతే. వెనకాల థ్రెడ్‌లో ఎర్రర్ వస్తే అది ఫ్యూచర్ లోపల దాగుంటుంది, ‘రిజల్ట్’ అని అడిగినప్పుడే బయటికి లేస్తుంది. అడగకపోతే స్క్రీన్ మీద చప్పుడుండదు. చెడిపోయిన జేపెగ్ ఒకటి కావాలనే ఫోల్డర్లో పెట్టి చూస్తే గడి ఖాళీగా ఉండిపోయింది, ఎక్కడా ఒక్క లైను ఎర్రర్ లేదు. అందుకని ప్రతి కాల్‌బ్యాక్‌లో ముందు ‘ఎక్సెప్షన్’ ఉందా అని అడిగి, ఉంటే లాగ్ ఫైల్లో రాసి, గడిలో ‘ఫోటో చెడింది’ అని పెడుతున్నా. రద్దయిన ఫ్యూచర్ని అలా అడిగితే అదే తిరిగి ‘క్యాన్సిల్డ్ ఎర్రర్’ విసురుతుంది, కాబట్టి ‘క్యాన్సిల్డ్’ అవునా కాదా అన్నది దానికంటే ముందే చూడాలి.

సాయంత్రం బళ్ళు ఆడుతుండగానే నడిపి చూశాం. గుమాస్తా ‘సీజన్ లెక్క’ తెరిచి కిందికి లాగుతూ పోయాడు, పక్కన ట్రాక్టరు కాటా ఎక్కుతుంటే అంకెలు పెరుగుతూనే ఉన్నాయి. ఫోటోలు ఒక్కోటి వచ్చి గడుల్లో కూర్చున్నాయి. రైతుల మొత్తాలు కట్టేటప్పుడు మాత్రం అంకెలు కాస్త తడబడుతున్నాయి. ఆ కూడికలు శుద్ధ పైథాన్ లూపులు, జిల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే పైథాన్ కోడ్ నడపనిచ్చే తాళం) అందరికీ ఒక్కటే. ఇంటర్‌ప్రెటర్ 5 మిల్లీసెకన్లకోసారి థ్రెడ్ మార్చడానికి చూస్తుంది కాబట్టి పూర్తిగా ఆగదు, కానీ కంటికి తెలుస్తుంది. కూడికల్ని ఎస్‌క్యూలైట్‌లోని ‘సమ్’, ‘గ్రూప్ బై’కే అప్పగిస్తే పోతుంది. క్వెరీ నడిచేటప్పుడు ఆ మాడ్యూల్ జిల్‌ని వదిలేస్తుంది. అక్కడే కూర్చుని మార్చేశా, తడబాటు పోయింది.

మిగిలినవి. విండో మూసినా ప్రోగ్రాం కాసేపు టాస్క్ మేనేజర్లో కనిపిస్తోంది. పూల్ తన వరుసలో ఉన్న పనులన్నీ ముగించుకునే పోతుంది. మూసేటప్పుడు ‘షట్‌డౌన్’కి ‘క్యాన్సిల్ ఫ్యూచర్స్’ ఇవ్వాలి, 3.9 నుంచి ఉంది. పూల్‌లోని ‘మ్యాప్’ని ఎక్కడా వాడలేదు, ఇచ్చిన జాబితానంతా ముందే మింగి అన్నిటినీ సబ్మిట్ చేసేస్తుంది. 3.14లో దానికి ‘బఫర్‌సైజ్’ అన్న పగ్గం వచ్చింది, కాటా దగ్గరున్నది 3.12. సీజన్ అయ్యాక పైథాన్ మారుస్తా, ఇప్పుడు ముట్టుకోను. ఏడాది చివరి రిపోర్టుని హెచ్‌టీఎంఎల్‌గా రాసి బ్రౌజర్ నుంచి ప్రింటు తీయిద్దామనుకుంటున్నా, తెలుగు ఒత్తులు అక్కడ సరిగా పడతాయి. మామ ఇప్పుడు వాట్సాప్‌లో చీటీ ఫోటో పంపే బటన్ కావాలంటున్నాడు. దానికి ఇంటర్నెట్ కావాలి, అది వేరే లెక్క, వచ్చే వారం మాట్లాడదామన్నా.